పాలపొడి డబ్బా రేకు

ఆ పొద్దు రామకోటయ్య చేతిలో ఉన్నవి ఒక ఖాళీ పాలపొడి డబ్బా, రెండు బారల కట్టుతీగ. బేతంచెర్లలోని తన బండల ఫ్యాక్టరీ ముంగిట, పాత లారీ కింద డ్రైవరు ఏసేపు వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

“శెట్టిగారూ, సైలెన్సర్ పైపు క్యాబిన్ కిందనే పగిలిండాది. కొత్తది ఎయ్యాల. సద్దు ఊరంతా ఇనపడతాంది.”

“సద్దుకేనప్పా కొత్త పైపు? మా ఇంటామె రాజ్యలక్ష్మమ్మ సద్దు ఇంతకన్నా ఎక్కువ. ఆమెను మార్చినానా?”

ఏసేపు కిందనుంచే నవ్వాడు. రామకోటయ్య డబ్బాను నిలువునా కత్తిరించి రేకు అందించాడు. ఏసేపు దాన్ని పగులు చుట్టూ చుట్టి తీగ బిగించాడు. సద్దు తగ్గింది. పైపు ఖర్చు మిగిలింది.

రామకోటయ్య పిసినారే గానీ రాతిగుండె మనిషి కాదు. బండల దుమ్ముకు ఏసేపు దగ్గుతున్నాడని క్యాబిన్ తలుపులకు సందు లేకుండా రబ్బరు పట్టీలు వేయించాడు. 2004కు పొగ తనిఖీ చీటీ కూడా, బండి కదలకుండానే, తెలిసినవాడి దగ్గర తెప్పించి అద్దానికి అంటించాడు. తాను మాత్రం ఆ క్యాబిన్‌లో ఏనాడూ కూర్చోలేదు. ఎక్కడికి పోయినా బస్సే.

చలి ముదిరింది. రాయచోటిలో లోడు దింపి వచ్చిన ఏసేపు లారీ దిగుతూనే తూలాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. గేటు పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

“తాగినావా?”

“లేదు శెట్టిగారూ. బాప్తిస్మం తీసుకున్నంక చుక్క ముట్టలే. తల పగిలిపోతాంది, అంతే.”

“తాగినోడు ఎవుడన్నా తాగినానంటాడా?”

ఇంకో రెండు లోడ్లకూ అదే తంతు. పదకొండేళ్లలో ఒక్క బండ పగలగొట్టని మనిషి మూడో లోడుకు లారీని గేటు స్తంభానికి గుద్దాడు. రామకోటయ్య కూడిక వేశాడు. ఎర్రకళ్లు, తూలుడు, వాంతి. మొత్తం సారాయి. తాళంచెవి లాక్కున్నాడు.

ఆ వారంలోనే ఏసేపు సొంతూరి పాస్టరుగారు నందికొట్కూరు వైపునుంచి వచ్చారు. క్రిస్మస్ లోపల చర్చి నేలకు బండలు పరిపించాలట. ఎదురుగా సారా అంగడి ఉంటే వీధి మార్చుకుని పోయే మనిషి ఆయన.

“మా ఏసేపు చెప్తేనే మీ దగ్గరికొచ్చినా. యాడున్నాడు?”

“తీసేసినానయ్యా. తాగుతాండాడు.”

“మీ కండ్లతో చూసినారా?”

“తాగంగా చూల్లేదు. కక్కంగా చూసినా. నా గేటులోనే.”

పాస్టరుగారు బండలకు బయానా ఇచ్చి లేచారు.

ఆ ఆదివారం సంఘమంతా చూస్తుండగా ఏసేపుకు ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ఆపేశారు. రొట్టె పళ్లెం అతని ముందు ఆగకుండా పక్కమనిషికి పోయింది. దీవెన, అతని భార్య, ముసుగు ముందుకు లాక్కుంది. ఇంటికి పోయాక ఆమె కూడా, “నాతోనన్నా నిజం చెప్పు” అంది. చెప్పడానికి అతని దగ్గర ఒక్క నిజమే ఉంది. అది ఎవరికీ పనికిరాలేదు. మరునాటినుంచి ఊళ్లోనే కూలికి పోయాడు.

పండగ నాలుగు రోజులుందనగా బండలు లోడయ్యాయి. తెల్లవారుజామున పాస్టరుగారు కొత్త డ్రైవరు గోపన్న పక్కన క్యాబిన్ ఎక్కారు.

“బండలు పగలకుండా బండి ఎంటే ఉండి తీసుకపోతా.”

“మంచిదయ్యా. చలి శానా ఉండాది, అద్దాలు ఎత్తుకోండి” అని రామకోటయ్యే తలుపు గట్టిగా వేశాడు.

తాను మిగతా డబ్బు వసూలుకు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని లెక్క చూసుకున్నాడు. పైపు ఖర్చు మిగిలింది. తాగుబోతు పీడ వదిలింది. చర్చి బేరం దక్కింది. ఎటు తిప్పి చూసినా లాభమే.

లారీకన్నా ముందే అతను ఊరు చేరాడు. చర్చి ముందు సంఘమంతా నిలబడి ఉంది. బండలు దించే కూలీల్లో ఏసేపు, ఎవరూ పలకరించక, కాస్త ఎడంగా ఉన్నాడు.

లారీ వంకర్లు తిరుగుతూ వచ్చి ఆగింది. గోపన్న దిగలేదు. స్టీరింగు మీద తల వాల్చేశాడు. ఇటువైపు తలుపు తెరుచుకుంది, మూసుకున్న క్యాబిన్‌లోంచి డీజిలు పొగ కంపు గుప్పుమంది. పాస్టరుగారి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మెట్టు మీద కాలు తప్పి, తూలి, ఉరికొచ్చిన ఏసేపు చేతుల్లో పడి, చర్చి గడప ముందే భళ్లున కక్కారు.

 ఏసేపు భుజం మీది తువ్వాలుతో ఆయన మూతి తుడిచాడు. తర్వాత మెల్లగా తలెత్తి రామకోటయ్యను చూశాడు.

“అయ్యగారు కూడా తాగినారా, శెట్టిగారూ?”