సగం కొట్టిన ఇసుర్రాయి

పిండి మళ్లీ బరకగానే వచ్చింది.

"రాయి అరిగింది" అని తేల్చేసింది చంద్రమ్మ.

రజాకార్ల గడబిడ అణిగిన ఏడాది అది. ఊళ్లు తిరిగి బతికేవాళ్లు మళ్లీ మియాపూర్ వైపు వస్తున్నారు. ఇసుర్రాళ్లకు ఉలితో గంట్లు కొట్టే రుక్కమ్మ అట్లా వచ్చిందే.

ఆమె రాయిని తడిమింది. పక్కనే కూర్చున్న చంద్రమ్మ బిడ్డ, పద్నాలుగేళ్ల భూలక్ష్మిని చూసింది. తల దువ్వి ఎన్నాళ్లయిందో.

"రాయి ఒక్కటే అరగలేదక్కా. ఇసిరే చెయ్యి గూడ అరిగింది. పిల్ల తింటుందా?"

"ఏడ తింటది! పాట లేదు, మాట లేదు. పానం లెక్క చూసుకునే పూసల దండ పక్కింటి పిల్లకు ఇచ్చేసింది. అంతా బద్ధకం. నువ్వు గంట్లు కొట్టరాదూ?"

రుక్కమ్మ కొంచెమే కొట్టి లేచింది.

"మిగిలింది రేపు కొడత. రాయి కదలకుండ నువ్వే పట్టాలె బిడ్డా. పడతవా?"

చాలాసేపటికి భూలక్ష్మి తలూపింది.

ఒక్క పూట పని అది. ఆరు రోజులు నడిచింది. రోజూ నాలుగు గంట్లు, "రేపు పడతవా బిడ్డా?" అని ఒక్క మాట.

నాలుగో రోజు పిల్ల రుక్కమ్మ మూటలోని రొట్టె తుంచుకుని తిన్నది. తల్లి కలిపిన ముద్ద గిన్నెలోనే ఎండింది.

ఆరో రోజు నవ్వింది. రుక్కమ్మను చూసి.

అది చంద్రమ్మ కంటపడింది. మోసి కన్నది తాను, నవ్వు దానికా?

"ఏందమ్మా, మా ఇంటికి ఇల్లరికం వచ్చినవా? ఇయ్యాల పని అయిపోగొట్టి జొన్నలు తీస్కపో."

"జర రేపటికి ఉండనీ అక్కా. నీ కాళ్లు మొక్కుత."

"రోజుకింత తిండి దొరుకుతదని సాగదీస్తున్నవా?"

రుక్కమ్మ ఉలి అందుకుంది. గంట్లన్నీ కొట్టేసింది. జొన్నలు ముట్టకుండా బాచుపల్లి బాట పట్టింది.

సాయంత్రం పిండి మెత్తగా రాలింది. చంద్రమ్మ మురిసిపోయింది.

భూలక్ష్మి చేతులు కడుక్కుంది. వాకిలి ఊడ్చింది. బావికని బిందె చంకన పెట్టుకుంది.

"రాయి పని అయిపోయింది గదనే అమ్మా. ఇగ రేపు నాతోని ఎవ్వరికీ పని లేదు."

చంద్రమ్మ దిగ్గున లేచింది. బిందె లాగి కింద పెట్టి, బిడ్డ చెయ్యి ఒడిసి పట్టుకుంది.

"నాకుంది! రేపు నా తల నువ్వే దువ్వాలె. దువ్వుతవా?"

పిల్ల వింతగా చూసింది. "రుక్కవ్వ లెక్కనే అడుగుతున్నవే?"

ఆ చెయ్యి వదలకుండానే చంద్రమ్మ రుక్కమ్మ కోసం బాట దాకా ఉరికింది. కనుచూపు మేర ఎవరూ లేరు.

"రుక్కవ్వ బిడ్డ గూడ నా లెక్కనే ఉండెనటనే" అంది భూలక్ష్మి మెల్లగా. "ఇంటి పనంతా అయిపోగొట్టి బాయికి పోయి మళ్ల రాలేదట. ఆ పొద్దు రుక్కవ్వ ‘రేపు’ అనుడు మరిచిందట."