రెండో జత

దోహాలోని తమ ఫ్లాట్ తలుపు అమ్ము తీసేసరికి గుమ్మం ముందు ఎవరో పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఒంటి మీద కంపెనీ డ్రైవర్ చొక్కా.

"అల్ ముంతజా ఏరియాల తల్హా దగ్గర మంచు మీద జారే సామాను కొన్నది మీరేనా అమ్మా?"

అమ్ము వెనక్కి తిరిగి భర్తను పిలిచింది.

నితీష్ హాల్లోనే ఉన్నాడు. కార్పెట్ మీద స్కీలు పరిచి, బూటు మడమను బైండింగులోకి తొక్కి చూసుకుంటున్నాడు. టక్కుమని పట్టుకుంటోంది.

సాయంత్రమే ఫ్లైటు. జార్జియాలో లిఫ్టులు లేని కొండను సొంతకాళ్ళతో ఎక్కి, జారుకుంటూ దిగాలని అతని కోరిక. అలాంటిచోట కాలినీ స్కీనీ కలిపి ఉంచేది ఆ బైండింగు ఒక్కటే.

"నేనే కొన్నాను. ఏం కావాలి?"

"నా పేరు జలంధర్ సార్. అంత దూరం మదీనత్ అల్ షమాల్ నుంచి వచ్చిన. తల్హాను అడిగి మీ అడ్రసు పట్టిన. అవి నాకియ్యిండ్రి. బదులు కొత్తయి తెప్పించి ఇస్త."

నితీష్ భార్య వైపు చూసి నవ్వాడు. "ఈయన కూడా స్కీయింగ్ చేస్తారట."

"ఇసక మీద చేస్తారేమో" అంది అమ్ము.

వాళ్ళుండే ఐన్ ఖాలిద్‌లో ఇలాంటివాళ్ళు కొత్త కాదు. ఎవరైనా పాత సామాను అమ్మకానికి పెట్టారంటే చాలు, తక్కువలో కొట్టేసి ఎక్కువకి అమ్ముకునేవాళ్ళు వాలిపోతారు.

"వీటిని ఎవరికి అమ్ముదామని?"

"అమ్మేటందుకు కాదు సార్. నాకే కావాలె."

"మీరు తెప్పించే కొత్తవి ఎప్పుడొస్తాయి?"

"వారం, పది దినాలు."

"నేను వెళ్ళేది ఇవాళ."

"ఆడ కిరాయికి దొరుకుతయంట కద సార్."

"కిరాయివి ఎంతమంది తొక్కి పారేసినవో. ఇవి అసలు వాడనేలేదు. తల్హా రూమ్మేట్‌వట. మేడ మీద రేకుల షెడ్డులో ఊరికే పడున్నాయి. చూడండి, ఒక్క గీతయినా లేదు."

వాడనిది అరగదని నితీష్ నమ్మకం. దోహా ఎండాకాలాల్లో రేకుల కింద ఊరికే పడున్న ప్లాస్టిక్ కూడా పెళుసెక్కిపోతుందని అతనికి తట్టలేదు.

జలంధర్ ఆ మడమ భాగాన్నే చూస్తున్నాడు.

"అది ఇరుగుతది సార్."

"మీకెలా తెలుసు? మెకానిక్కా మీరు?"

"కాదు. దాని సంగతి నాకేం తెల్వది. ఇరుగుతదని మాత్రం తెలుసు."

ఇంకేదో చెప్పబోయాడు. గోడవార సర్దిపెట్టిన సూట్‌కేసు, దాని మీద అమ్ము దిద్దిన కుంకుమ బొట్టు కంటబడ్డాయి. ఆగిపోయాడు.

"బయల్దేరే మనిషితో అనే మాటలేనా ఇవి?" అంది అమ్ము. "పెద్దవారు, మీకు తెలీదూ?"

"తప్పయింది బిడ్డా."

"వెళ్తారా, వాచ్‌మన్‌ని పిలవమంటారా?"

జలంధర్ మెట్లు దిగాడు గానీ వెళ్ళిపోలేదు. సాయంత్రం నితీష్ టాక్సీ ఎక్కేటప్పుడు గేటు దగ్గర చేతులు జోడించాడు.

"సార్, ఒక్కసారి ఆలోచన చెయ్యిండ్రి."

"మాఫీ అంకుల్, మాఫీ" అన్నాడు నితీష్ నవ్వుతూ, కుదరదన్నట్టు చెయ్యి ఊపి. టాక్సీ తలుపు వేసి డ్రైవర్‌తో యల్లా, పోదాం అన్నాడు.

ఆ వారం తిరగకముందే అమ్ముకి జార్జియా నుంచి ఫోను వచ్చింది. నిటారు వాలులో మడమ దగ్గర ప్లాస్టిక్ విరిగి ఒక స్కీ ఊడిపోయిందట. నితీష్ లోయలో, రాళ్ళ మధ్య దొరికాడట.

శవపేటిక దోహా మీదుగా హైదరాబాద్ వెళ్ళాలి. అదే విమానంలో అమ్ము కూడా. దోహా ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియక, ఒక కిటికీ దగ్గర నుంచి ఇంకో కిటికీ దగ్గరికి తిరుగుతోంది.

ఎవరో వచ్చి చేతిలో కాగితాలు అందుకున్నారు.

"ఇటియ్యి బిడ్డా. మన తెలుగోళ్ళ గ్రూపుల చూసి వచ్చిన."

జలంధర్.

అమ్ముకి ఒళ్ళు మండిపోయింది.

"ఏ మొహం పెట్టుకుని వచ్చారు మీరు? వెళ్ళే మనిషి ముందు నిలబడి విరుగుతుంది విరుగుతుంది అన్నారు. మీ నోరే తగిలింది ఆయనకి."

ఆయన తల వంచుకుని విన్నాడు. ఆమె ఆగాక కాగితాలు పట్టుకుని కిటికీ వైపు నడిచాడు.

లోపలి క్లర్కు ఆయన్ని చూసి, కుర్చీలోంచి లేచి సలాం చేశాడు.

జలంధర్ ఎవరినీ ఏమీ అడగలేదు. దేని కింద ఏది పెట్టాలో, ముద్ర ఎక్కడ పడాలో ఆయన చేతులకే తెలిసినట్టుంది.

"హైదరాబాదుల అంబులెన్సుకు చెప్పిన" అన్నాడు తిరిగొచ్చి. "ఆడ పెట్టె తెరుస్తమంటే నువ్వు దగ్గర నిలబడకు బిడ్డా. ఇంటికి పోయినంక, నలుగురిల చూడు."

అమ్ము ఆయన మొహంలోకి మొదటిసారి సరిగ్గా చూసింది.

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

ఆయన కాగితాలు ఒక్కొక్కటీ సరిచూసుకుంటున్నాడు.

"అది విరుగుతుందనీ తెలుసు. ఎందుకో ఆ రోజు చెప్పొచ్చు కదండీ. కాళ్ళు పట్టుకుని ఆపేదాన్ని కదా."

"బయలెల్లే మనిషి. పక్కన బొట్టుతోని నువ్వు. ఆ గడపల నిలబడి సావు ముచ్చట ఎట్ల తియ్యాలె? నోటిదాక వచ్చింది బిడ్డా, మింగిన."

"ఎవరి చావు?"

జలంధర్ కాగితాలు మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"తల్హా రూముల ఉన్నది మా కొడుకే. అసొంటియి రెండు జతలు కొన్నడు. ఒక జత ఏసుకొని పోయిండు, అది గట్లనే మడమ కాడ ఇరిగింది. పోయిన చలికాలం గీ కిటికీ కాడికే పెట్టెల వచ్చిండు."