జాగ్రత్తగారు

“ఈ గదిలోకి వచ్చింది ఈవిడొక్కతే. నా గొలుసు ఏమైందో ఈవిడే చెప్పాలి!”

హోటల్ గదిలో మంచం పక్కన నిలబడి యాత్రికురాలు అరుస్తోంది. ఎదురుగా గదులు తుడిచే ఆవిడ చేతిలో చీపురు అలాగే పట్టుకుని, బిక్కచచ్చిపోయి చూస్తోంది. తలుపు దగ్గర మేనేజరు. వీళ్ళ మధ్య టూరు గైడు.

గైడుకి ఎవరి వైపు మాట్లాడాలో పాలుపోలేదు. అరుస్తున్నది తను వెంటబెట్టుకొచ్చిన మనిషి. ఏడుపు దిగమింగుతున్నది సొంత పిన్ని. ఈ హోటల్లో ఆవిడకి పని ఇప్పించింది కూడా తనే.

“మీ బస్సు బయల్దేరేలోపు గొలుసు దొరక్కపోతే పోలీసుల్ని పిలుస్తాను,” అన్నాడు మేనేజరు. “ఆ తర్వాత ఈవిడ మా గడప తొక్కక్కర్లేదు.”

“ఒరే నాన్నా, నేను తియ్యలేదురా,” అంది పిన్ని. “దుప్పట్లు మార్చాను, నేల తుడిచాను, వెళ్ళిపోయాను. అంతే.”

“నాకు తెలీదా పిన్నీ,” అన్నాడు గైడు. అన్నాడే గానీ, మనసులో ఏ మూలో ఒక్క క్షణం తీసిందేమో అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దున్న ఎంత బాగా మొదలైంది! టూరులో వాళ్ళంతా అతన్ని చాటుగా ‘జాగ్రత్తగారు’ అంటారు. ఎండలూ వానలూ దోమలూ మెండుగా ఉన్న దేశం కదా, బస్సెక్కిన దగ్గర్నుంచీ మైకు పట్టుకుని ఊదరగొడుతూనే ఉంటాడు. కాచిన నీళ్ళే తాగండి, జాగ్రత్త. ఐసు ముక్కల జోలికి పోకండి, జాగ్రత్త. టోపీ లేకుండా ఎండలో తిరక్కండి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి. హోటలు వెనక నదిలో మొసళ్ళున్నాయి, కాలు కూడా పెట్టకండి. బూట్లు దులపకుండా తొడుక్కోకండి, తేళ్ళూ జెర్రులూ దూరతాయి. బంగారం ఒంటిమీద వద్దు, ఎవరి చెయ్యీ పడని చోట దాచండి, దాచిన చోటు కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పకండి. సగంమంది వినరు. విన్నవాళ్ళు నవ్వుతారు.

ఈ గొలుసావిడ భర్త ఒక్కడే ప్రతి మాటా పొల్లుపోకుండా పాటిస్తాడు. ఇవాళ టిఫిన్ దగ్గర గైడుని చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళాడు కూడా.

“మీ సలహా ఇవాళ నా ప్రాణం కాపాడిందండీ. వేసుకున్నది చెప్పులే అయినా, ఎందుకైనా మంచిదని బూట్లు కూడా బాల్కనీలోంచి దులిపా. ఎంత జెర్రి అనుకున్నారు! సరసరా పాకి కిందికి దూకింది!”

“చూశారా?”

“చూడ్డమా! నాకు పురుగులంటే చచ్చేంత భయం. కళ్ళు మూసుకునే దులుపుతా. మా ఆవిడతో అనకండేం, ఇంక ఈ గదిలో పడుకోదు.”

ఇన్నాళ్ళకి ఒక్కడైనా బాగుపడ్డాడు కదా అని గైడు ఛాతీ ఉప్పొంగింది. ఆ సంబరం టిఫిన్ అరిగేదాకా కూడా నిలవలేదు.

గదంతా గాలించారు. దిళ్ళు దులిపారు, పరుపు ఎత్తారు, సొరుగులు లాగారు. ఎవరూ అడక్కుండానే పిన్ని తన బకెట్టు బోర్లించింది, పాత దుప్పట్ల మూట విప్పింది, కొంగు చివర ముడి కూడా విప్పి చూపించింది. గైడు తల తిప్పుకున్నాడు.

“పోనీలేవే, ఆవిడ అలాంటి మనిషిలా లేదు,” అన్నాడు ఎత్తిన పరుపు మళ్ళీ సర్దుతున్న భర్త.

“మీరూరుకోండి. అది మా అమ్మ మెడలోది.”

“ఇంతకీ ఎక్కడ పెట్టారమ్మా?” అన్నాడు మేనేజరు.

“చెప్పను. చెప్పొద్దని ఈయనేగా చెప్పింది.” గైడుని చూపించింది.

“పోయాక కూడా దాపరికం ఏంటండీ?”

“పోయింది గొలుసు. చోటు పోలేదుగా! ఉంగరాలు ఇంకా ఉన్నాయి. టూరు అయ్యేదాకా అవి ఎక్కడ పెట్టుకోను?”

కింద బస్సు హారన్ మోగింది. మేనేజరు ఫోను తీశాడు. పిన్ని గోడకి ఆనుకుని కిందికి జారిపోయింది.

గైడు చేతులు జోడించాడు. “అమ్మా, మీకు దణ్ణం పెడతాను. పోలీసులొస్తే వాళ్ళు అడిగేది కూడా అదే. మా పిన్ని దొంగ అయితే నేనే పట్టిస్తాను. ఒక్కసారి ఆ చోటు చెప్పండి.”

ఆవిడ ఒకసారి పిన్ని వైపు చూసింది. ఒకసారి భర్త వైపు చూసి, ఇబ్బందిగా గొంతు తగ్గించింది.

“ఆయన నొచ్చుకుంటారని గానీ... ఆ కంపుకి ఏ దొంగా దగ్గరికి రాడని, రాత్రి ఆయన బూట్లో పడేశానండీ.”

భర్త మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. మెల్లగా బాల్కనీలోకి నడిచాడు. కటకటాల మీంచి కింద పారుతున్న నదిలోకి తొంగిచూశాడు. తర్వాత గైడు వైపు తిరిగాడు.

“ఏమండీ జాగ్రత్తగారూ, ఆ మొసళ్ళ సంగతి నిజమేనా, ఊరికే బెదిరించడానికి అన్నారా?”