సుల్తాన్ నిద్ర

"ఎవడు కప్పమన్నాడయ్యా దీన్ని? చేప చచ్చిందంటే నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ ఖలాస్!"

మర్చిపోయిన ఎమిరేట్స్ ఐడీ కోసం రాత్రి తొమ్మిదింటికి ఆఫీసుకు తిరిగొచ్చిన జగన్మోహనరావు గుమ్మంలోంచే కేకేశాడు. సజ్జా పారిశ్రామికవాడలోని ఆ ఫ్యాక్టరీకి ఆయన అడ్మిన్ మేనేజరు. ఆఫీసూ, పనివాళ్లుండే క్యాంపూ రెండూ ఆయన చేతికిందే. ఏదైనా అద్దంలా మెరవాలన్నది ఆయన పట్టుదల. అలాంటిది, రిసెప్షన్‌లో ఈమధ్యే పెట్టించిన కొత్త లైట్ల కింద రాత్రింబవళ్లు ధగధగలాడాల్సిన అక్వేరియం మీద నీలం పువ్వుల గుడ్డ ఒకటి వేలాడుతోంది. పక్కనే తుడుపుకర్ర పట్టుకుని నైట్ డ్యూటీ క్లీనర్ హన్మంతు నిలబడ్డాడు.

"జర మెల్లగ సార్. పండుకుంది," అన్నాడు హన్మంతు.

రావు ఆ మాట వినిపించుకునే స్థితిలో లేడు. గుడ్డ అంచు ఎత్తి, ఫోన్ లైటు వేసి లోపలికి చూశాడు. అందరూ ముదీర్ అని పిలిచే కంపెనీ పెద్ద బాసు ప్రాణంలా పెంచుకుంటున్న ఆస్కార్ చేప, సుల్తాన్, అడుగున గులకరాళ్ల మీద పక్కకు ఒరిగిపోయి ఉంది. ఒంటి మీది నారింజ మచ్చలు వెలిసిపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. ముదీర్ రేపు పొద్దున లండన్ నుంచి దిగుతున్నాడు. వెళ్లేటప్పుడు ఆయన రావుకు మరీ మరీ అప్పగించింది ఫ్యాక్టరీని కాదు, ఈ చేపను.

"చచ్చింది. అయిపోయింది నా పని!" అంటూ రావు గాజు మీద కొట్టబోయాడు.

హన్మంతు చటుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నది మేనేజరు చెయ్యని గుర్తొచ్చి అంతే చటుక్కున వదిలేశాడు.

"సావలే సార్. దానికి రెప్పలుండయ్. కండ్లు తెరుసుకోనే పండుకుంటది. ఆ ఫోన్ బత్తి బందు వెట్టి మొప్పల దిక్కు సూడున్రి."

రావు వంగి చూశాడు. నిజమే. మొప్పలు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఒరిగిన ఒళ్లు పూర్తిగా పడిపోకుండా ఒక రెక్క మాత్రం అప్పుడప్పుడూ చిన్నగా కదులుతోంది. పోయిన వారం దాకా గాజుకేసి తల బాదుకున్న మొండిఘటం, ఇప్పుడు పసిపిల్లాడిలా ఒళ్లు మరిచి పడుకుంది. ఆరేళ్లుగా ఆ చేప ఎదుట కూర్చుని టీ తాగుతున్నాడు రావు. దానికీ నిద్ర ఉంటుందని ఏనాడూ అనుకోలేదు. ఎంత బాగుందో అనిపించింది. గొంతు దానంతటదే తగ్గిపోయింది.

"మరి ఆ నల్లది తిరుగుతోందేంటి?"

"గది పాచి తినే చేప సార్. పగటీలి ఆ పెంకు సందుల పండుకుంటది, రాత్రి లేసి అద్దం సాఫ్ జేస్తది. నా లెక్కనే, నైట్ డ్యూటీ."

రావుకు నవ్వొచ్చింది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. సుల్తాన్ పదిహేను రోజులు మేత ముట్టలేదు. చేపల డాక్టరు రెండుసార్లు వచ్చి మందేసినా, నీళ్లు మార్పించినా లాభం లేకపోయింది. అలాంటిది నాలుగు రోజులుగా ఆవురావురుమంటూ తింటోంది. మందు పనిచేసిందనే ఆయన మురిసిపోయాడు.

"ఎన్నాళ్ల నుంచి కప్పుతున్నావు?"

"నాలుగొద్దులాయె సార్. లైట్లు బందు జేస్తే మీరు కోపానికొస్తరని గుడ్డ గప్పిన. పొద్దుగాల ఐదింటికి తీసేస్త."

"ఇంజినీరింగ్ చదివిన నాకు తట్టలేదు, అంత ఫీజు తీసుకున్న డాక్టరుకు తట్టలేదు. నీకెలా తట్టిందయ్యా?"

హన్మంతు తల గోక్కున్నాడు. "వెలుతుర్ల నిద్ర వట్టకపోతే ఎట్లుంటదో ఎరుకే గద సార్. బువ్వ తినబుద్ధి గాదు. ఊకూకె చిరాకు లేస్తది. గోడకు తల్కాయ గొట్టుకోవాలనిపిస్తది."

"అవునవును, పాపం నోరులేని జీవి," అన్నాడు రావు. ఆయన మనసు నిండిపోయింది. ఇన్నాళ్లూ ఈ మనిషి ముఖంకేసి సరిగ్గా చూడనైనా లేదని సిగ్గేసింది. "నువ్వు మామూలోడివి కాదు హన్మంతూ. రేపు ముదీర్‌కి నీ పేరే చెప్తాను. సుల్తాన్‌ని బతికించింది నువ్వేనని."

హన్మంతు తలొంచుకుని నవ్వాడు. రావు గుడ్డను మళ్లీ తన చేత్తోనే, చప్పుడు కాకుండా కప్పాడు. కప్పుతూ వేళ్లతో నలిపి చూశాడు. చుక్క వెలుతురు కూడా దూరనంత దళసరిగా ఉంది.

"గుడ్డ కూడా భలేది పట్టావే! ఇలాంటివి ఇంకో రెండుంటే మార్చి మార్చి ఉతుక్కోవచ్చు. ఎక్కడ కొన్నావు?"

"కొనుడెందుకు సార్? స్టోర్ల అరవై దాక పడున్నయ్," అన్నాడు హన్మంతు. "నైట్ డ్యూటోళ్లం పగటీలి పండుకుంటందుకు మంచాల సుట్టు కట్టుకున్న పర్దాలు. క్యాంపు సూడనీకె మంచిగ లేదని పోయిన నెల మీరే గద పీకిచ్చిన్రు."