ఉక్కు మేకులు

"ఆపరేషన్ చెయ్యకపోతే ఈ చెయ్యి జన్మలో పనికిరాదు!" ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకి పట్టి తేల్చేశారు డాక్టర్ నీలకంఠం గారు.

బల్ల మీద కూర్చున్న జోగమ్మ వాచిన చేతిని ఒళ్ళోకి తీసుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, తడిబట్టలతో తూచినా ముప్పై అయిదు కిలోలుండదు. పొద్దున్న సింహాచలం మెట్ల మీద జారి, కుడి చెయ్యి ఆన్చి పడింది. మణికట్టు విరిగింది.

"పిండికట్టు కడితే సాలదా బాబూ? మా యారాడలో అందరికీ కట్టే కడతారు."

"కట్టా!" డాక్టరు గారు ఎంతో దయగా నవ్వారు. "వంకరగా అతుక్కుంటుంది. వంకర చేత్తో ఏం చేస్తావు?"

"అన్నం కలుపుకుంతాను. సుట్ట సుట్టుకుంతాను. నాకింకేటి పనుంది?"

"చుట్ట కాదు కదా, అగ్గిపుల్ల కూడా గియ్యలేవు."

డాక్టరు గారు కిందటి వారమే బొంబాయిలో ఎముకల డాక్టర్ల మహాసభకెళ్ళి, పెట్టెడు మేకులూ రేకులూ తెచ్చుకున్నారు. ఊళ్ళో ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా పునాదుల్లోనే ఉంది గానీ, ఆయన నర్సింగ్ హోములో ఉక్కుకి అప్పుడే కొదవలేదు. కొదవల్లా ఎముకలకే.

"ముసలి పేనం. మత్తిత్తే తట్టుకుంతాదా బాబూ?" అన్నాడు కొడుకు అర్జునరావు. పోర్టులో కళాసీ అతను.

"తట్టుకోవడం దేవుడి చేతిలో ఉంది. చెయ్యి మాత్రం నా చేతిలో ఉంది," అన్నారు డాక్టరు గారు, ఒప్పుకోలు కాగితం ముందుకు తోస్తూ.

అర్జునరావు సంతకం గీకేశాడు. "మన మంచికే సెప్తన్నారమ్మా" అన్నాడు. జోగమ్మ ఎడమ చేత్తో కళ్ళొత్తుకుంది.

డాక్టరు గారు కోటు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచి, కుళాయి దగ్గర చేతులు కడుక్కోసాగారు. జోగమ్మ చూపు ఆయన కుడి మణికట్టు మీద ఆగిపోయింది. అది గరిటె కాడలా వంగి ఉంది.

"అయ్యో, తమరి సెయ్యికేటైంది బాబూ?"

డాక్టరు గారు కుళాయి మరికాస్త తిప్పారు. కాగితం తీసుకోడానికొచ్చిన కాంపౌండరు ఎల్లారావే జవాబు చెప్పాడు.

"నాలుగేళ్ళైందమ్మా, స్కూటర్ మీంచి పడి. అరవై దాటినా ఆ సేత్తోనే రోజుకి రెండు ఆపరేషన్లు సేసేత్తన్నారు!"

"ఎన్ని మేకులేసినారు నాయినా?"

"మేకులా?" ఎల్లారావు గర్వంగా రొమ్ము విరిచాడు. "కత్తంటే అయ్యగారికి సచ్చేంత బయం! పిండికట్టు నానే కట్టినాను."