ఐదోవాడికి జాగా

ఉప్పల్‌లో లేవబోయే ముప్పై అంతస్తుల టవరుకు పెట్టిన పోటీకి మూడు డిజైన్లొచ్చాయి. న్యాయనిర్ణేత గౌతమి ఒకదాన్ని మెచ్చి, సంతకానికి పెన్ను తీసింది.

"ఆగు బిడ్డా," అంటూ అట్టనమూనా మీదికి వంగింది, టవరుకు భూమిచ్చిన కౌసల్యమ్మ. "మాకిచ్చే ఇల్లు ఇరవయ్యారో అంతస్తుల. పాడెను నలుగురు మోస్తరు, ఐదోడు పండుకొనుంటడు. గీ లిఫ్టుల జాగ సరిపోతదా?"

"శుభమా అని సంతకం జేస్తుంటే గదేం మాటమ్మా!" కసిరాడు బిల్డర్ రంజిత్. "మూడు డిజైన్లల్ల గదే లిఫ్టు, ఇగ మారదు. కానియ్యున్రి మేడమ్."

గౌతమి పెన్ను కదల్లేదు. నిరుడు నాచారంలో తొమ్మిదో అంతస్తు నుంచి నాన్న శవాన్ని లిఫ్టులో దించినప్పుడు, జారిపోకుండా నడుం పట్టుకున్నది తనే.

"చెప్పు బిడ్డా, సరిపోతదా?"

"నిలబెడితే సరిపోతదమ్మా," అంది గౌతమి.