రెక్క మీద ఈక

"ఈక ఉంది," అన్నాడు డ్వైట్, భూతద్దం దించకుండా.

"ఎక్కడుందయ్యా? నాకు అరిగిన వెండి తప్ప ఏమీ కనబడట్లేదు," అంది వెర్నా.

ఒహాయోలో ఏటా జరిగే నాణేల సంతలో, 1795 నాటి డాలరు మీద ఇద్దరూ పొద్దుటినుంచీ కీచులాడుకుంటున్నారు.

"గద్ద రెక్క చూడు. ఈక గీత తెలుస్తోంది. ఇది ఓ మోస్తరు రకం."

"ఏడిసినట్టుంది. నాణెం మీది బొమ్మకి ముఖం లేదు, జుట్టు లేదు, సంవత్సరం కూడా వెతుక్కోవాలి. పక్కా నాసిరకం."

"నీ కళ్లకి పొరలు కమ్మాయి."

"నీ బుద్ధికి కమ్మాయి."

డ్వైట్ చీటీ మీద 'ఓ మోస్తరు' అని రాసి, నాణేన్ని ఆమె వైపు తోసేశాడు.

నాణెం ఆమెదే. అన్నిటికన్నా అరిగిన డాలరు తెచ్చినవాళ్లదే ఈ సంతలో జరిగే పోటీలో గెలుపు. నిరుడు గెలిచినవాళ్లే ఈ ఏడు తీర్పరులు. తొమ్మిదేళ్లుగా డ్వైటే గెలుస్తున్నాడు.

వెర్నా నాణేన్ని జేబులో వేసుకుని, చెయ్యి బయటికి తియ్యలేదు.

"మా నాన్న నలభై ఏళ్లు దీన్ని జేబులోనే బొటనవేలితో రుద్దాడు," అంది. "ఆ మిగిలిన ఒక్క ఈక సంగతీ నేను చూసుకుంటాలే."